ఇరవై రెండు శాతంతో కొండెక్కిన కేకు

ఆ ఆదివారం పొద్దున ఆడిటరు గారింట్లో అనుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు బయలుదేరాలి, పదిన్నరకల్లా ఊరి బయట కొండ మీద కొత్తగా తెరుస్తున్న హోటలుకి కేకు చేర్చాలి, భోజనాల వేళకు ఇంటికి వచ్చెయ్యాలి. కేకు చేసింది ఆయన భార్య. ఇన్నాళ్ళూ ఇరుగుపొరుగు పిల్లల పుట్టినరోజులకు వంటింట్లోనే కేకులు చేసిచ్చిన ఆ ఇల్లాలికి ఇంత పెద్ద ఆర్డరు రావడం ఇదే మొదలు. ఇది నచ్చితే ఇక ఆ హోటలుకి కావలసిన కేకులన్నీ ఆవిడే చెయ్యాలి. నచ్చకపోతే మళ్ళీ పుట్టినరోజులే గతి. మూడంతస్తుల కేకు, తెల్లటి క్రీము, చుట్టూ చక్కెర పూలు. దాన్ని నిలబెట్టే హడావిడిలో ముందురోజంతా ఆవిడ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడనే లేదు.

కేకును మోసుకెళ్ళవలసింది ఆడిటరు గారి కొత్త ఎలక్ట్రిక్ కారు. అది ఇంటికొచ్చి రెండు నెలలు కాలేదు గాని, ఈలోపు ఆయన పెట్రోలును తిట్టని రోజు లేదు. ఆఫీసులో ఎవరైనా తుమ్మినా సరే, "నాకు కిలోమీటరుకి ఎంత పడుతోందో తెలుసా" అని అందుకునేవారు. పాపం, తెలియనివాళ్ళు అక్కడెవరూ మిగల్లేదు. శనివారం తోటి ఉద్యోగులను జట్లు జట్లుగా ఎక్కించుకుని ఊరంతా తిప్పారు. సాయంత్రం ఇల్లు చేరి, కారుకి ఛార్జింగ్ పెట్టి, రాత్రిపూట కరెంటు చవక కదా అన్న తృప్తితో హాయిగా నిద్రపోయారు.

పొద్దున స్నానం చేసి, కోటు తొడుక్కుని, కారులో కూర్చుని చూస్తే బ్యాటరీ ఇరవై రెండు శాతమే ఉంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఇరవై రెండే. దిగి చూస్తే తీగ ఎక్కడిదక్కడే ఉంది, వరండా గోడ మీది స్విచ్చు మాత్రం ఆపేసి ఉంది. ఇంటి కరెంటుతో కారు నిండాలంటే రాత్రంతా పడుతుంది. ఉన్న అరగంటలో ఎక్కేది ఆవగింజంత.

మామూలుగా అయితే అప్పుడే లోపలికి వెళ్ళి భార్యతో చెప్పేసేవారు. కానీ గేటు దగ్గర బావమరిది తన పెట్రోలు కారుకి ఆనుకుని ఈల వేస్తూ నిలబడి ఉన్నాడు. కొత్త కారు చూడగానే, "బావా, ఇది కారు కాదు, చక్రాలున్న సెల్‌ఫోను" అన్న మహానుభావుడు అతనే. ఇప్పుడు నోరు విప్పితే కేకు మొత్తం అతని కారెక్కుతుంది, ఆ కథ పై పండక్కి, ఆ పై పండక్కి కూడా చుట్టాలందరి ముందూ వినిపిస్తుంది. హోటలు నలభై కిలోమీటర్లు. నలభై ఆరు కిలోమీటర్లు వెళ్ళగలనని కారు అంటోంది. సరిపోతుందిలే అని ఆడిటరు గారు తనకు తానే సర్టిఫికెట్ ఇచ్చుకున్నారు.

కింది రెండంతస్తులూ పెట్టెలతో సహా కారులోకి చేరాయి. పై అంతస్తు పెట్టె మాత్రం బావమరిది తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇది నా బండిలో పెడతానక్కా. కనీసం పై అంతస్తయినా టైముకి చేరుతుంది."

"నీ స్పీడు తెలుసులే. మలుపుల్లో జాగ్రత్తరా," అంది ఆవిడ.

ఆడిటరు గారికి ఇవేవీ పట్టలేదు. కారు బరువు తగ్గించే పనిలో పడి, గొడుగులు, నీళ్ళసీసాలు, పనిముట్ల సంచీ, చివరికి కాళ్ళ కింది పట్టాలు కూడా తీసి వరండాలో పడేశారు. ఇంతలో ఆయన తల్లి తయారై వచ్చింది.

"నీకెందుకమ్మా ఈ ఎండలో, ఇంట్లో ఉండరాదూ."

"కోడలి కేకుని నలుగురూ మెచ్చుకుంటుంటే నేను చూడొద్దట్రా," అంటూ పెద్దావిడ ముందు సీట్లో కూర్చుంది. అమ్మంటే ఆయనకు ప్రాణమే గాని, ఆ క్షణాన మాత్రం ఆవిడ అరవై అయిదు కిలోలుగానే కనిపించింది.

వీధి మలుపు తిరిగేసరికి వెనక సీట్లో పెట్టెలు పట్టుకుని కూర్చున్న భార్య అడిగింది.

"ఏసీ వెయ్యరేం?"

"ఎందుకూ, గాలి బాగా వీస్తోందిగా."

"గాలి మనకండీ. క్రీముకి చల్లదనం కావాలి."

ఏసీ వేశారు. నలభై ఆరు కాస్తా ముప్ఫై తొమ్మిదైంది. ఇక ఆడిటరు గారు యాక్సిలరేటరు మీద కాలు ఆనించడం మానేశారా అన్నంత నెమ్మదిగా నడపసాగారు. చల్లగాలి అంతా వెనక్కి మళ్ళించి, తన వైపున్నది మూసేసుకున్నారు. వెనకనుంచి లారీ హారను కొట్టింది, ఒక సైకిలాయన పక్కనుంచి దాటిపోతూ లోపలికి తొంగిచూసి మరీ వెళ్ళాడు. బావమరిది ఎప్పుడో కనుచూపు మేర దాటిపోయాడు.

కాసేపటికి వెనకనుంచి భార్య గొంతు మెత్తగా వినిపించింది.

"మీకెప్పుడూ లెక్కలు తప్ప ఇంకేం పట్టవనుకునేదాన్ని. కేకు కదలకూడదని ఇంత నెమ్మదిగా నడుపుతున్నారే. చల్లగాలి కూడా దానికే వదిలేశారు."

ఆడిటరు గారు తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని అంతగా మెచ్చుకున్నది లేదు. మెచ్చుకోక మెచ్చుకోక ఈ పూటే మెచ్చుకోవాలా అని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. మనసులోని బెంగకు ఒంటి మీది కోటు తోడై చెమటలు కారుతున్నాయి.

పెద్దావిడ కొడుకు మొహం వంక పరిశీలనగా చూసింది.

"ఏమిట్రా ఆ చెమటలు?"

"ఏం లేదమ్మా."

"మీ నాన్న కూడా ఏం లేదనే అనేవారు. రెండు నెలలు మంచాన పడ్డారు."

దారి సగం కూడా కాలేదు, ఇంకా కొండ ఎక్కాలి. అంకె చూస్తుంటే నడిదారిలో ఆగిపోవడం ఖాయమని తేలిపోయింది. ఆడిటరు గారు చటుక్కున కారును పక్క రోడ్డులోకి తిప్పారు.

"ఇటెందుకండీ?"

"అటు రోడ్డు తవ్వేశారట," అన్నారాయన. అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని ఆయనకే తెలియదు.

ఆ రోడ్డు చివర దుకాణాల వెనక ఛార్జింగు పెట్టే చోటుంది. అక్కడున్నవి రెండే మిషన్లు. ఒకదాని మీద 'పనిచేయుట లేదు' అని కాగితం అంటించి ఉంది. రెండోదానికి ఒక ఎలక్ట్రిక్ ట్యాక్సీ తగిలించి ఉంది, దాని డ్రైవరు సీటు వెనక్కి వాల్చి గుర్రు పెడుతున్నాడు. వంగి చూస్తే అతని కారు నూటికి నూరు శాతం నిండిపోయి ఉంది. అయినా మనిషి లేవడు.

"టైర్లలో గాలి చూపించి వస్తా," అని భార్యతో చెప్పి, ఆడిటరు గారు వెళ్ళి అద్దం మీద వేలితో మెల్లగా కొట్టారు. ఆవిడకు వినపడకూడదు, డ్రైవరుకి వినపడాలి. ఆ కొట్టుడుకి ఈగ కూడా లేవలేదు.

ఇంతలో వెనకే వచ్చిన పెద్దావిడ కొడుకుని పక్కకు నెట్టి, అరచేత్తో అద్దం మీద దబదబా బాదింది.

"బాబూ, లే నాయనా. మా అబ్బాయికి గుండెల్లో నొప్పి."

డ్రైవరు ఉలిక్కిపడి లేచాడు. ఎదురుగా చెమటతో తడిసి ముద్దయిన మనిషి. ఇంకేమీ అడగకుండా దిగి, ఛార్జింగు తీగ పీకి, వెనక తలుపు బార్లా తెరిచాడు.

"ఎక్కండి సార్. ఫుల్లు ఛార్జింగ్ ఉంది. ఎంత దూరం ఆస్పత్రికైనా తీసుకెళ్తా."

ఫుల్లు ఛార్జింగ్ అన్న మాట చెవిన పడగానే ఆడిటరు గారికి నిజంగానే గుండె కలుక్కుమంది. తెలియకుండానే చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. అది చూసి పెద్దావిడ గొల్లుమంది. ఆ కేకకి భార్య పెట్టెలు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. డ్రైవరూ అమ్మా కలిసి ఆయన్ని చెరో రెక్కా పట్టుకుని ట్యాక్సీలో పడుకోబెట్టారు, నాకేం కాలేదని ఆయన అంటున్న కొద్దీ ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

భార్య ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. ఆవిడ వేళ్ళకు ఇంకా చక్కెర అంటుకునే ఉంది.

"పొద్దుట్నుంచీ ఒంట్లో బాగా లేకపోయినా నా కేకు కోసం ఓర్చుకున్నారా? హోటలు పోతే పోయింది. ఇవాళ కాకపోతే ఇంకోటొస్తుంది. ముందు ఆస్పత్రికి పదండి."

ఆ మాట అనడానికి ఆవిడ క్షణం కూడా ఆలోచించలేదు. ఎన్నాళ్ళుగానో కలలు కన్న ఆర్డరును పనికిరాని కాగితంలా పక్కన పడేసింది. ఆడిటరు గారికి సిగ్గుతో ప్రాణం చచ్చినంత పనైంది. బావమరిది నవ్వితే పరువు పోతుందని ఇంత నాటకం ఆడిన తను ఎక్కడ, ఈవిడ ఎక్కడ? ఆయన లేచి కూర్చున్నారు.

"నాకేం కాలేదు. కారులో ఛార్జింగ్ లేదు."

భార్య ఆయన చెయ్యి వదిలేసింది.

"పొద్దున్నే లేదు. నీకు చెప్తే కేకంతా మీ తమ్ముడి బండెక్కుతుందని చెప్పలేదు. నెమ్మదిగా నడిపింది కేకు కోసం కాదు. రోడ్డు కూడా ఎవరూ తవ్వలేదు."

"రాత్రి ఛార్జింగ్ పెట్టానన్నావు కదరా," అంది పెద్దావిడ.

"పెట్టానమ్మా. ఎవరో స్విచ్చు ఆపేశారు."

"ఎవరో ఏమిటి, నేనే ఆపాను. పడుకోబోయే ముందు ఇంట్లో ఎక్కడ ఎర్ర లైటు కనపడినా ఆపెయ్యమని నువ్వేగా నా వెంటపడి మరీ నేర్పావు. టీవీ ఆపాను, ఫ్యాను ఆపాను, గోడ మీద అది కూడా వెలుగుతుంటే ఆపాను. పైగా నువ్వు మెచ్చుకుంటావనుకున్నా."

కరెంటు ఆదా గురించి ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా చెప్పిన పాఠం అమ్మ ఒక్కతే శ్రద్ధగా విన్నది. ఆవిడను ఏమని తప్పుపడతారు?

భార్య మొహం మొదట ఎర్రబడింది. తరవాత అత్తగారి అమాయకపు మొహం చూసింది, ట్యాక్సీలో కోటుతో కూర్చున్న భర్తను చూసింది. ఎంత ఆపుకున్నా ఆగక నవ్వు వచ్చేసింది. కళ్ళు తుడుచుకుంటూ, "ఎంతసేపు పడుతుంది?" అని మాత్రం అడిగింది.

"ఇది పెద్ద మిషను. అరగంట చాలు."

"అయితే ఇక్కడేం చేస్తున్నారు? వెళ్ళి పెట్టండి. కారు తలుపు మాత్రం తియ్యకండి, చల్లదనం పోతుంది."

డ్రైవరు ఏమీ అనుకోలేదు. ఆడిటరు గారి భుజం తట్టి, "ఛార్జింగ్ అయిపోతుంటే నాక్కూడా ఇలాగే ఉంటుంది సార్," అని ఓదార్చి వెళ్ళిపోయాడు.

ఛార్జింగ్ ఎక్కుతుండగా బావమరిది ఫోను చేశాడు. బావ కారు ఎక్కడ ఆగిపోయిందని అడుగుతాడేమోనని ఆడిటరు గారు బిక్కచచ్చిపోయి విన్నారు. అతను అసలు ఆ ఊసే ఎత్తలేదు.

"అక్కా, క్రీము ఇంకొంచెం ఏమైనా తెస్తున్నావా?"

"ఎందుకురా?"

"ఊరికే అడిగా," అని పెట్టేశాడు.

ఛార్జింగ్ సరిపడా ఎక్కినా ఆడిటరు గారు వేగం పెంచలేదు. ఈసారి నిజంగా కేకు కోసమే. కొండ మీది మలుపులన్నీ అంగుళం అంగుళం చొప్పున తిప్పుకుంటూ, అనుకున్నదానికి గంట ఆలస్యంగా హోటలు చేరారు. అదృష్టం కొద్దీ ముఖ్య అతిథి ఇంకా రాలేదు. ముఖ్య అతిథులు పుణ్యాత్ములు, వాళ్ళు టైముకి వస్తే ఎన్ని కాపురాలు కూలేవో.

గుమ్మంలో బావమరిది పెట్టె పట్టుకుని పెళ్ళిలో ఉంగరం పోగొట్టుకున్నవాడిలా నిలబడి ఉన్నాడు. పక్కన హోటలు మేనేజరమ్మ చేతులు కట్టుకుని ఉంది. అక్క పెట్టె మూత తీసి చూసింది. పై అంతస్తు ఒక పక్కకి జారి, పూలతో సహా మూలకి అతుక్కుపోయి ఉంది.

"మూడో మలుపులో ఒక కుక్క అడ్డొచ్చిందక్కా," అన్నాడు బావమరిది నేల చూపులు చూస్తూ.

ఆవిడ గబగబా కారు దగ్గరకు వెళ్ళి, మిగతా రెండు పెట్టెల మూతలూ తీసింది. క్రీము మీద చిన్న గీత కూడా లేదు. ఒక్క పూరేకు కూడా కదలలేదు. జారిపోయిన అంతస్తు నుంచి బాగున్న నాలుగు పూలు ఏరి రెండో అంతస్తు మీద గుత్తిగా పెట్టేసరికి, కేకు పుట్టడమే రెండంతస్తులతో పుట్టిందా అన్నట్టు నిలబడింది.

మేనేజరమ్మ కేకు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"రుచి సంగతి నమూనా ఇచ్చినప్పుడే చూశాను. నా దిగులంతా ఈ కొండ గురించే. తెరవకముందే పరీక్షకని ముగ్గురి చేత కేకులు తెప్పించాను, అందరివీ ఈయన తెచ్చినట్టే వచ్చాయి. ఈ మలుపులెక్కి చెక్కుచెదరకుండా వచ్చింది మీదొక్కటే. రేపట్నుంచి రోజూ పంపండి. కానీ ఇదే కారు, ఇదే నెమ్మది ఉండాలి. డ్రైవరుని మార్చినా సరే, స్పీడు మార్చొద్దు."

"వాడు డ్రైవరు కాదమ్మా, ఆడిటరు," అంది పెద్దావిడ.

"ఎవరైతేనేం, చక్కగా నడిపాడు," అంది మేనేజరమ్మ.

భార్య ఆనందం పట్టలేక అందరి ముందూ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. బావమరిది మొదటిసారిగా ఆ కారు చుట్టూ తిరిగి, టైర్లు తట్టి, "బావా, నిజం చెప్పు, కిలోమీటరుకి ఎంత పడుతుంది?" అని అడిగాడు. ఇన్నాళ్ళూ ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూసిన ఆ ప్రశ్నకు, ఆడిటరు గారికి ఆ రోజు జవాబు చెప్పాలనిపించలేదు. ఆయన భార్య మొహం చూస్తూ ఉండిపోయారు.

మర్నాటి నుంచి కారు ఆవిడదైంది. రోజూ పొద్దున్నే ఆవిడ నత్తనడకన కొండెక్కుతుంది, పెట్టెలు పట్టుకోవడానికి వెనక అత్తగారు కూర్చుంటుంది. వరండాలో మాత్రం ఎర్ర లైటు తెల్లవార్లూ నిశ్చింతగా వెలుగుతుంది. ఆడిటరు గారు ఆఫీసుకి బస్సులో వెళ్తున్నారు. లెక్క వేసి చూస్తే కిలోమీటరుకి అన్నిటికన్నా చవక బస్సేనని తేలింది గాని, ఆ సంగతి ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.