టాపు మీద సైకిళ్ళు

ఒక పెద్ద అడవిలో, దాచడమెందుకు, మా అడవిలోనే, అందరికీ ఒకేసారి ఒళ్ళొచ్చేసింది.

వేటాడేవాళ్ళు వేటాడటం మానేశారు. పారిపోయేవాళ్ళు పారిపోవడం మానేశారు. ఏది కావాలన్నా గుమ్మంలోకే వచ్చిపడుతుంటే ఎవరు మాత్రం కదులుతారు? గుడ్లగూబ డాక్టరుగారు అందరి నాడీ చూసి అందరికీ ఒకటే మందు చెప్పారు.

"సైకిలు తొక్కండి."

తొక్కాలంటే ముందు సంఘం పెట్టుకోవాలి కదా. పెట్టాం. పేరు 'వన సైకిల్ మిత్రమండలి'. అధ్యక్షులు ఏనుగు కుంభయ్యగారు. ఆయన జీవితంలో సైకిలెక్కలేదు, ఎక్కితే సైకిలుండదు. అయినా ఎక్కనివాడైతేనే పక్షపాతం ఉండదని అందరం చప్పట్లు కొట్టాం. సాంకేతిక సలహాదారు కొంగ జపాలరావుగారు. ఎగరగలిగినవాడికి సైకిలెందుకని అడక్కండి, ఆయనకి కొలెస్టరాల్. కార్యదర్శిని నేను, ఎలుగుబంటి బంటయ్యని. నన్నెందుకు ఎన్నుకున్నారంటే నాకు కారుంది. మా జాతికి తేనె కనపడితే తెలివి పనిచెయ్యదంటారు. నా విషయంలో తేనె కనపడనప్పుడు కూడా పెద్ద తేడా ఏమీ ఉండదు.

మండలిలో నిజంగా సైకిలు తొక్కేది ఒక్కతే, లేడి తరళ. మేం ఫొటోకి తొక్కేవాళ్ళం. ఆవిడ ఊరికే తొక్కేది.

ఆ ఏడు తరళ మేతబీడు చుట్టూ ఎవరో కంచె వేసేశారు. అభివృద్ధి అని బోర్డు కూడా పెట్టారు. గడ్డి లేని లేడికి ఉద్యోగం తప్ప గతేముంది? సరిగ్గా అప్పుడే కనుమకి అవతల ఉన్న చెరువుగట్టు అడవివాళ్ళు చాటింపు వేయించారు. వాళ్ళకి టపా పంచే మనిషి కావాలట. మనిషంటే జంతువే లెండి, మాట వరసకి. చెరువు చుట్టూ సైకిలు పందెం పెడతారు, గెలిచినవాళ్ళకి ఉద్యోగం.

తరళ మా ఇంటికొచ్చింది.

"బంటయ్యన్నా, కనుమదారి అంతా కంకర. తొక్కుకుంటూ పోతే అక్కడికి చేరేసరికే కాళ్ళు పీక్కుపోతాయి. ఇంక పందెంలో ఏం తొక్కుతాను? నీ కారులో నన్నూ నా సైకిల్నీ అవతల దింపుతావా?"

"ఎంతమాట తల్లీ! ఆ మాత్రం చెయ్యలేనా?" అన్నాను. నేను సహజంగా మంచివాణ్ణి. చెప్పేటప్పుడు మరీను.

"ముందు చక్రం ఊడదీసి వెనక సీటు మడిస్తే లోపలే పట్టేస్తుంది" అంది తరళ.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. నా కారు సీట్లకి షాపువాడిచ్చిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి. కూర్చుంటే చురచురమంటాయి, ఎండాకాలం వీపుకి అంటుకుంటాయి, అయినా తియ్యను. అలాంటి సీటు మీద గొలుసు నూనె కారే సైకిలా?

"అలా అడ్డదిడ్డంగా వద్దమ్మా. పద్ధతిగా కారుకి సైకిళ్ళు బిగించే ర్యాకు కొందాం. మండలి తరఫున" అన్నాను.

ఆవిడ సరేనని తలూపింది. సాయం అడగడానికి వచ్చినవాళ్ళకి వాదించే హక్కుండదని నాలాగే ఆవిడా అనుకుని ఉంటుంది.

మీటింగు పెట్టాం. బండి సామాన్ల కొట్టు నడిపే నక్క ఊళేశ్వర్ మూడు రకాల ర్యాకులు పట్టుకొచ్చి చెట్టు కింద పరిచాడు.

"ఇది డిక్కీకి పట్టీలతో బిగించేది. ఇది బండి వెనక కొక్కేనికి తగిలించేది. ఇదేమో టాపు మీద పెట్టేది. మూడూ బెస్టే" అన్నాడు.

"అన్నిట్లోకీ ఏది బెస్టు?" అన్నాను.

"మీరేది కొంటే అది సార్."

అతని నిజాయితీకి నా మనసు కరిగిపోయింది.

జపాలరావుగారు ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకున్నారు. ర్యాకుల మీద ఆయన చూడని వీడియో లేదు. కొంతసేపటికి కళ్ళు తెరిచారు.

"డిక్కీ పట్టీలు రంగు గీస్తాయి. సైకిళ్ళు అడ్డం వచ్చి నంబరు ప్లేటు కనపడదు. తనిఖీ తోడేళ్ళు ఆపితే ఎవరు జవాబు చెబుతారు?"

నా కారు రంగు గీసుకుపోవడం తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఆ రకం పోయింది.

"మరి కొక్కెం?" అంది తరళ. "ఎత్తడం సులువు. దింపడం సులువు. నేనొక్కదాన్నే చేసుకోగలను."

కుంభయ్యగారు తొండం ఊపారు. "వెనక వేలాడేది ఏదైనా తోక కిందే లెక్క. గౌరవస్థులకి తోక ఎంత చిన్నదైతే అంత అందం."

ఆయన తోక సంగతి అందరికీ తెలుసు. నా తోక సంగతి వెతికితే గానీ తెలియదు. నేను వెంటనే బలపరిచాను.

"పైగా" అన్నారు కుంభయ్యగారు, "వెనకుంటే ఎవరికి కనపడతాయి? మండలి సైకిళ్ళు వెళుతున్నాయంటే ఊరంతా చూడాలి. పైన ఉండాలి!"

"గాలి ఉరవడికి కూడా పైనే మంచిది" అన్నారు జపాలరావుగారు. కాసేపటి క్రితం పైన పెడితే గాలి అడ్డం కొడుతుందని నాతో అన్నది ఆయనే. అధ్యక్షుడు మాట్లాడాక గాలి కూడా దిశ మార్చుకుంటుంది.

"టాపు మీదకి ఎత్తేదెవరు?" అంది తరళ.

"నేను లేనూ!" అన్నారు కుంభయ్యగారు. తొండంతో ఒక్క దుంగని అవలీలగా పైకి లేపి చూపించి, ఎత్తిన సంగతే మర్చిపోయి, జపాలరావుగారి కాలి పక్కన పడేశారు. అందరం చప్పట్లు కొట్టాం. తీర్మానం ఏకగ్రీవం. తరళ కూడా చెయ్యెత్తింది, పందెం దగ్గర పడుతోంది మరి.

ర్యాకు బిగించడం కూడా ఒక ఉత్సవమే అయింది. ఊళేశ్వర్ బిగించాడు, జపాలరావుగారు కళ్ళు మూసుకుని పర్యవేక్షించారు, నేను ప్రతి మరనీ ఒకసారి లాగి చూసి, చూశాను అనిపించుకున్నాను. నిజం చెప్పొద్దూ, చాలా గట్టిగా వచ్చింది. నేను వేలాడినా కదల్లేదు. ఆ రోజంతా కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. ర్యాకున్న కారు చూస్తే, ఇతను వారం వారం కొండలెక్కేవాడని ఎవరైనా అనుకుంటారు. నేను మా ఇంటి మెట్లు ఎక్కినా ఆయాసపడతానని కారు మీద రాసి ఉండదు కదా.

పందెం రోజు పొద్దున్నే బయల్దేరాం. టాపు మీద మూడు సైకిళ్ళు నిలబెట్టి బిగించారు: తరళది, జపాలరావుగారిది, నాది. నాదెందుకంటే, ఒక్క సైకిలే ఉంటే ర్యాకు బోసిగా కనపడుతోంది. కుంభయ్యగారు కారులో పట్టరు కాబట్టి అడ్డదారిన నడిచి ముందే వెళ్ళిపోయారు. నా పక్కన జపాలరావుగారు, వెనక తరళ, ఫొటోలు తియ్యడానికి ఊళేశ్వర్.

కనుమ ఎక్కుతుంటే దారిన పోయేవాళ్ళంతా తలలెత్తి చూశారు. కుందేళ్ళు చేతులూపాయి. నేను వేగం తగ్గించి, అద్దం దించి, అందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ నడిపాను.

"అన్నా, కొంచెం తొందరగా పోనీ" అంది తరళ.

"తొందరపడితే సైకిళ్ళు అదురుతాయమ్మా" అన్నాను.

చెరువుగట్టు చేరేసరికి జనం పోగైపోయారు. బళ్ళు ఆపుకునే మైదానానికి ముందు రెండు స్తంభాలు, వాటి మీద అడ్డంగా ఒక ఇనపదూలం. పక్కనే బోర్డు: 'ఎత్తయిన బండ్లకు ప్రవేశం లేదు.'

నేను బ్రేకు మీద కాలు పెట్టాను. నిజంగానే పెట్టాను.

"ఎత్తయిన బండ్లంటే లారీలు. మీది చిన్న కారు" అన్నారు జపాలరావుగారు.

"అవును కదా" అన్నాను. చిన్న కారని ఎవరన్నా అంటే మామూలుగా నాకు కోపం వస్తుంది. ఆ రోజు రాలేదు.

దూలానికి అవతల కుంభయ్యగారు నిలబడి ఉన్నారు. ఆయన స్తంభాల పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళారు. తొండం ఊపుతూ కేకలేశారు.

"రానీ... రానీ... రెండువైపులా బోలెడు చోటుంది! రానీ!"

ఆయన శరీరానికి ప్రపంచంలో వచ్చే కష్టాలన్నీ వెడల్పులోనే వస్తాయి. అందుకని వెడల్పే చూశారు.

"అన్నా, పైన!" అని తరళ అరిచింది.

అప్పటికే నేను అద్దంలోంచి జనానికి నమస్కారం పెడుతున్నాను.

ఆ చప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేను. వంద గిన్నెలు మెట్ల మీంచి దొర్లినట్టుంది. ఏదో వెనక అద్దం మీదుగా జారి డిక్కీ మీద పడింది. చక్రం ఒకటి తనంతట తాను దొర్లుకుంటూ మైదానంలోకి వెళ్ళిపోయింది. అప్పటికి మా బృందంలో పందెం మొదలుపెట్టింది అదొక్కటే.

దిగి చూశాం. జపాలరావుగారి సైకిలు సగానికి మడతపడింది. నాది హ్యాండిల్ మెలితిరిగి, ముందు చక్రం ఊడి, వెనక చక్రం వంగి, గొలుసు తెగింది. తరళ సైకిలు చట్రం విరిగి, ముందు చక్రం జంతికలా చుట్టుకుపోయింది.

ఊళేశ్వర్ టాపు మీదకెక్కి తడిమి చూశాడు.

"ర్యాకుకి గీత కూడా పడలేదు సార్!" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు, ఆనందంతో.

తరళ విరిగిన చట్రం చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. అరిచి ఉంటే బాగుండేది, నేను కూడా ఏదో ఒకటి అరిచేవాణ్ణి. ఊరుకున్నవాళ్ళ ముందు నిలబడటం చాలా కష్టం.

పందెం అధికారి దున్నపోతుగారు వచ్చి చూసి, "సైకిలు లేకపోతే పేరు కొట్టేస్తాను. గంట కొట్టబోతున్నాం" అన్నారు.

అప్పుడు మా మండలి చరిత్రలో ఎన్నడూ జరగనిది జరిగింది. మీటింగు పెట్టడానికి టైము లేకపోయింది.

"మీ చక్రం ఇవ్వండి!" అంది తరళ జపాలరావుగారితో. ఆయన కళ్ళు మూసుకోబోతే "తరవాత!" అని కసిరింది. ఆయన ముక్కు పెట్టి గబగబా మరలు తిప్పారు. నా సైకిలు చట్రమొక్కటే నిటారుగా ఉంది, ఎప్పుడూ తొక్కలేదు కనక. దానికి ఆయన ముందు చక్రం, తరళ వెనక చక్రం, గొలుసు తగిలించాం. కుంభయ్యగారు మెలితిరిగిన హ్యాండిల్‌ని తొండంతో సరిచేశారు, కొంచెం ఎడమకి ఉండిపోయింది. నేను గోళ్ళతో బిగించాల్సినవన్నీ బిగించాను. ఎవరూ ఎవర్నీ బలపరచలేదు, తీర్మానించలేదు.

గంట కొట్టారు. తరళ ఎడమకి తిరిగిన హ్యాండిల్‌తో, తనకి రెండింతలున్న సైకిలు మీద, నిలబడి తొక్కుతూ పోయింది. మేం గట్టు మీద పరిగెత్తాం. నేను పరిగెత్తి ఎన్నేళ్ళయిందో! డాక్టరుగారు చూసి ఉంటే మందు మార్చేవారు.

చిరుత చుక్కారావు మొదట వచ్చాడు. తరళ రెండో స్థానం.

ఆవిడ గట్టు మీద కూలబడి, వగరుస్తూ, "రెండో స్థానానికి ఉద్యోగం ఇవ్వరు కదన్నా" అంది. నేను మంచినీళ్ళిచ్చాను. అవి కూడా ఆవిడ తెచ్చుకున్నవే.

కానీ చుక్కారావు ఉద్యోగం ఎన్నో రోజులు సాగలేదు. టపా తీసుకుని జింకల పేటకి వెళ్ళి తలుపు కొట్టాడు. చిరుత "ఉత్తరం వచ్చిందండీ" అంటే తలుపెవరు తీస్తారు? కుందేళ్ళయితే ఇళ్ళకి వెనక ద్వారాలు తవ్వుకుని మరీ పారిపోయాయట. సంచిలో ఉత్తరాలు పేరుకుపోయాయి. దున్నపోతుగారు తల గోక్కుని, తరళకి కబురు పంపారు.

ఇప్పుడావిడ అక్కడే ఉంటోంది. చెరువు చుట్టూ గడ్డి కూడా బాగుంటుందట. సెలవుకి ఓసారి వచ్చినప్పుడు మండలి సన్మానం చేసింది. కుంభయ్యగారు దండ వేసి, "తిరిగి వెళ్ళేటప్పుడు నీ సైకిల్ని మన ర్యాకు మీదే పంపిస్తామమ్మా" అన్నారు.

తరళ రెండు చేతులూ జోడించింది. "వద్దు బాబుగారూ, మీ దయవల్ల నడిచి పోతాను."

వినయం గల పిల్ల.

విచారణ మీటింగు కూడా జరిగింది లెండి. దూలం తక్కువ ఎత్తులో కట్టడం తప్పని కుంభయ్యగారు, బోర్డులో భాష స్పష్టంగా లేదని జపాలరావుగారు, ర్యాకు అమోఘమని ఊళేశ్వర్ చెప్పారు. అతని కొట్టు ముందు ఇప్పుడు విరిగిన సైకిళ్ళ ఫొటో, కింద 'ఇంత దెబ్బకీ చెక్కుచెదరని ర్యాకు' అని బోర్డు. అమ్మకాలు బాగున్నాయట. నా వంతు వచ్చినప్పుడు, నేను కేవలం తీర్మానాన్ని నడిపాను, కారుని కాదన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

నీతి: ఏ వస్తువు కొన్నా పదిమందినీ అడిగే కొనాలి, లేకపోతే తప్పంతా మనమొక్కళ్ళమే మొయ్యాల్సి వస్తుంది.