ఇంటికి ఒకే ఓటు

"తెలుగు రాయలేని వాడికి తెలుగు సంఘంలో ఓటు లేదు!"

సింగపూర్ పాయా లేబర్‌లో అద్దెకు తీసుకున్న హాలులో మా ఆయన కేశవరావు గారు చేసిన ఈ చారిత్రక ప్రకటనకు చాలాసేపు చప్పట్లు మోగాయి. ఆ ఊపులో ఆయన ఇంకో మాట కలిపారు. ఇకపై ఓటరు తనకు నచ్చిన అభ్యర్థి పేరును చీటీ మీద స్వదస్తూరీతో, తెలుగులో రాయాలి. మళ్లీ చప్పట్లు. వెనకాల పులిహోర పొట్లాలు కడుతున్న నేను మాత్రం కొట్టలేదు. చేతులకు నూనె ఉంది. పైగా ఆ హాలులో నా ఒక్కదానికే తెలిసిన సంగతి ఒకటి ఉంది. మా ఆయనకు తెలుగు రాయడం రాదు.

చదవడమూ రాదు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఉత్తరాదిలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ కాలనీలో పెరిగారు, చదువంతా హిందీలోనూ ఇంగ్లీషులోనూ సాగింది. తెలుగు నోటికి వచ్చింది, చేతికి రాలేదు. నేను ఊరగాయ సీసాల మీద పేర్లు రాసి అంటిస్తాను. ఆయన మూతలు తీసి వాసన చూస్తారు. "కళ్లజోడు లోపల ఉంది" అంటారు. పద్నాలుగేళ్లుగా ఆ కళ్లజోడు లోపలే ఉంది.

ఇంతకీ ఎన్నిక ఎందుకొచ్చిందో చెప్పాలి. సింగపూర్‌లో మా సంఘానికి ఇరవై ఏళ్లుగా అధ్యక్షుణ్ణి ఏకగ్రీవంగా ఎన్నుకోవడం ఆనవాయితీ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో విమానాల నిండా జనం దిగుతున్న ఆ ఏడాది ఇద్దరు నిలబడ్డారు. ఒకరు మా ఆయన. ఏకగ్రీవానికి భంగం రాకూడదని కార్యవర్గం తీర్మానం చేసింది. ముందుగా ఒక ప్రాథమిక ఎన్నిక పెట్టి ఇద్దరిలో ఒకరిని తేల్చాలి. ఓడినవారు లేచి గెలిచినవారి పేరు ప్రతిపాదించాలి. తర్వాత దండలు, ఫోటోలు, ఏకగ్రీవం. పోటీ లేదని లోకానికి చాటుకోవడం కోసం పోటీ పెట్టుకున్నామన్న మాట.

రెండో అభ్యర్థి కుమారమ్మ గారు. ముత్తాతల కాలంలో కోస్తా నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. జురాంగ్ ఈస్ట్‌లో తాముండే అపార్టుమెంటు బ్లాకు కింద, బల్లల మీద, ప్రతి శనివారం పిల్లలకు తెలుగు చెబుతారు. పద్దెనిమిదేళ్లుగా ఉచితం. మా అమ్మాయి యోగిత దిద్దుకున్నదీ అక్కడే. ఒకరోజు అది వంటింట్లోకి వచ్చి సీసా మీద వేలు పెట్టి "మా... గా... య" అని చదివినప్పుడు నేను గరిటె పక్కన పెట్టి మిగతా సీసాలన్నీ దించి దాని ముందు పెట్టాను.

ఆ క్లాసు ఎత్తేస్తానన్నది మా ఆయన మొదటి వాగ్దానం.

"ఆవిడ లాంగ్వేజ్ విన్నావా? సగం అరవం, సగం మలయ్. కిడ్స్ ఫౌండేషనే స్పాయిలైపోతోంది. మనం పాయా లేబర్‌లో ప్రొజెక్టర్‌తో ఎక్సలెన్స్ సెంటర్ స్టార్ట్ చేస్తాం. స్వచ్ఛమైన తెలుగు, నో కాంప్రమైజ్" అన్నారు నాతో.

ఆ స్వచ్ఛతకు నేను ఎదురు చెప్పలేకపోయాను. కుమారమ్మ గారికి అధ్యక్ష పదవి మీద మోజేమీ లేదు. క్లాసు మూస్తారని విని నిలబడ్డారంతే. ఇక స్వదస్తూరీ నిబంధన ఎందుకంటే, తరతరాలుగా ఇక్కడే ఉన్న పాత కుటుంబాల వాళ్లకు తెలుగు రాయడం రాదని మా వాళ్ల గట్టి నమ్మకం.

వన్-నార్త్ ఐటీ పార్కులో పనిచేసే వికాస్ మా ఆయనకు కుడిభుజం. అతను 'ఓటరు సన్నద్ధత కార్యక్రమం' అని నలభై స్లైడ్లు తయారుచేశాడు. ఓటు పవిత్రత మీద పన్నెండు, చీటీ మడత మీద తొమ్మిది. చివర్లో అందరికీ నమూనా చీటీలు పంచి రాయమన్నాడు. పాత కుటుంబాల వాళ్లు చకచకా రాసి మడిచిచ్చారు. వాళ్లంతా చిన్నప్పుడో, పెద్దయ్యాకో కుమారమ్మ గారి బల్లల మీద దిద్దినవాళ్లే. మన ఇంజనీర్ల చీటీలు పంతొమ్మిది చెల్లలేదు. కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. ఒకరు సంతకం పెట్టారు. వికాస్ సొంత చీటీని ఎటు తిప్పినా అది ఎవరి పేరో తేలలేదు.

ఆ సభలోనే మా ఆయన మైకు అందుకుని, "ప్రతి ఓటూ పవిత్రమే. ముఖ్యంగా లేడీస్ ముందుకు రావాలి" అన్నారు.

ఇంటికొచ్చాక అడిగాను. "నా ఓటు ఏదండీ?"

"ఇంటికి ఒకే ఓటు, నళినీ. రూల్. ఇంటి పెద్ద వేస్తాడు. నీది నాలోనే ఉంది."

కుమారమ్మ గారింట్లో ఈ చిక్కు లేదు. ఇంటి పెద్ద ఎవరని అడిగితే ఆవిడ భర్త బంగారయ్య గారు వేలెత్తి ఆవిడనే చూపిస్తారు.

తర్వాతి శనివారం యోగితను తీసుకురావడానికి వెళ్లి చూద్దును కదా, చిన్న పిల్లల బల్లల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా పద్దెనిమిది మంది ఇంజనీర్లు కూర్చున్నారు. మెడల్లో ఆఫీసు కార్డులు, ముందు పలకలు. మొదటి వరుసలో వికాస్.

"వా తంబీ, మకాన్ అయిందా, తిన్నావా?" కుమారమ్మ గారు నవ్వుతూ అడుగుతున్నారు. "ఏ పేరు నేర్పేది?"

వికాస్ పలక సర్దుకున్నాడు. "అంటే... కేశవరావు సార్ పేరు, ఆంటీ."

"అయితే రాయి. కకి ఏత్వం ఇయ్యి. అయ్యో, అది కొమ్మురా. ఓటు నువ్వు ఎవరికన్నా వేసుకో. అక్షరం వంకర పెడితే మాత్రం నే విడువను."

బంగారయ్య గారు బల్లల మధ్య తిరుగుతూ అందరికీ టీ పోస్తున్నారు. "మంచి వేడి. తాగి రాయండి. మా ఆవిడని ఓడించాలంటే ఓపిక కావాల."

నేను ఆవిణ్ణి పక్కకు పిలిచాను. "మీ పేరు కూడా నేర్పొచ్చు కదా, ఆంటీ?"

"అడిగినోళ్లకి నేర్పుతా. అడక్కుండా నా పేరు నేనే రాయించుకునేదా? సిగ్గు కాదూ" అన్నారు. పలకలు తుడుస్తూ మళ్లీ అన్నారు. "ఈ బల్లలు పోతే శనివారం నాకు ఏం చేసేదో తెలీదమ్మా. అంతే."

పోలింగు ఇంకో వారం ఉందనగా మా ఆయన కాఫీ కప్పుతో వంటింట్లోకి వచ్చారు. యోగిత స్కూలుకు వెళ్లిందో లేదో చూసుకున్నారు.

"నా పేరు ఒకసారి పేపర్ మీద రాసివ్వు. చాలా రోజులైంది కదా, టచ్ పోయింది."

"అక్కడ నేర్పుతున్నారుగా, వెళ్లకూడదూ?"

"నేనా? ఆవిడ దగ్గరికా?"

పుట్టినప్పటి నుంచీ పోయిన టచ్ అది. సామాన్ల చీటీ వెనక్కి తిప్పి, పెద్ద పెద్ద అక్షరాలతో పేరు రాసిచ్చాను. ఆ వారమంతా ఆయన తలుపు వేసుకుని, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని దిద్దారు. ఐదో రోజుకు చూపించి "ఎలా ఉంది?" అని అడిగారు.

"ముత్యాల్లా ఉంది" అన్నాను. అబద్ధం కాదు.

అరవై మూడు కుటుంబాలు ఓటు వేశాయి. చెల్లని చీటీ ఒక్కటీ లేదు. కుమారమ్మ గారికి ముప్పై రెండు, మా ఆయనకు ముప్పై ఒకటి. ఆనవాయితీ ప్రకారం మా ఆయనే లేచి ఆవిడ పేరు ప్రతిపాదించారు. దండలు, ఫోటోలు. 'ఇరవై ఒకటో ఏడూ ఏకగ్రీవం' అని సంఘం పత్రికలో వేసుకున్నాం.

"ఒక్కడు, నళినీ. మనవాళ్లలోనే ఒక్కడు ద్రోహం చేశాడు" అంటూ ఆయన వారం రోజులు పచార్లు చేశారు.

"కనుక్కోండి" అన్నాను.

నాకు తెలియని సంగతి ఒకటుంది. గెలుస్తానన్న ధీమాతో ఆయన ఎన్నికకు ముందే ఇత్తడి నామఫలకం పురమాయించారు. అధ్యక్షుడి గుమ్మం మీద తెలుగులో పేరు ఉండాలి కదా. నేను రాసిచ్చిన కాగితాన్నే దుకాణంలో ఇచ్చారట. దుకాణం చైనీసాయనది. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చెక్కాడు. ఆదివారం పొద్దున అది వచ్చింది.

"పదవి పోతే పోయింది. పేరైనా ఉంటుంది" అంటూ మా ఆయన స్వయంగా మరలు బిగించి, పరామర్శకు వచ్చిన వికాస్‌ను గుమ్మం ముందు నిలబెట్టి చూపించారు. పలకరింపులు విని నేనూ చేతులు తుడుచుకుంటూ వచ్చాను. చూశాను.

వికాస్ ఫలకం వంక చూశాడు. పక్కన ఫ్లాటు నంబరు చూశాడు. మళ్లీ ఫలకం చూశాడు. మూడు శనివారాల చదువు అతనిది.

నా వెనక నుంచి యోగిత తల బయటపెట్టింది.

"కు... మా... ర... మ్మ. నాన్నా, రాంగ్ నేమ్ లా! వై టీచర్స్ నేమ్ ఆన్ అవర్ డోర్?"

వికాస్ గొంతు తగ్గించాడు. "సార్... మీరు బిగించేటప్పుడు చదవలేదా?"

మా ఆయన చెయ్యి అలవాటుగా జేబు దగ్గరికి, కళ్లజోడు కోసం వెళ్లింది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఐదు రోజులు ఏం దిద్దారో, చీటీ మీద ఏం రాసి వేశారో ఆయనకు తెలిసినట్టుంది. మెల్లగా నా వైపు తిరిగారు.

"నువ్వా?"

"ఇంటికి ఒకే ఓటు కదండీ" అన్నాను. "నాది మీలోనే ఉందన్నారు. బయటికి తీసుకున్నాను."