నాలుగు సెకన్లకు మించని మౌనం

2023 నవంబరు 14, మంగళవారం. పొద్దున ఖుబూస్ రొట్టెకు టమాటా పచ్చడి రాసుకుని తిని ఆఫీసుకు వెళ్ళాను. మౌనం ఆరోగ్యానికి హానికరమని నాకు ఆ రోజే రుజువైంది!

నవ్వకండి. అనుభవంతో చెబుతున్నాను. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక గోదాము పై అంతస్తులో కూర్చుని, జపాన్ గుళ్ళు చూడ్డానికి వెళ్ళిన తెలుగువాళ్ళకు ఫోనులో గైడుగా ఉంటాను. వాళ్ళు అక్కడ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నడుస్తారు. నేను ఇక్కడ తెర మీద ఉన్నది చదువుతాను. ఇది గంట, ఇది రాతి దీపం, ఇది హైకూ చెక్కిన రాయి. జపాన్ నేను చూడలేదు. ఆ సంగతి వాళ్ళు అడగరు, నేను చెప్పను.

మా కంపెనీకి ఒక గొప్ప రూల్ ఉంది. గైడు నాలుగు సెకన్లకు మించి ఊరుకోకూడదు. ఊరుకుంటే తెర మీద ఎర్ర లైటు వెలుగుతుంది. నెలలో నాలుగు ఎర్రలు పడితే ఉద్యోగం ఖలాస్!

ఎంత దయగల రూల్! మాటలు ఆగితే మనిషి ఏం చేస్తాడు? చుట్టూ చూస్తాడు. చూస్తే ఆకు రాలడం కనిపిస్తుంది. ఆకు రాలితే ఏదో గుర్తొస్తుంది. టికెట్ కొన్న కస్టమర్‌కు ఇంత ప్రమాదం అవసరమా?

పదిహేడు అక్షరాల హైకూకు మేము పదిహేడు నిమిషాల వివరణ ఇస్తాం. పాపం కవి మిగుల్చుకున్న మాటలన్నీ మేమే వడ్డించేస్తాం! ధ్యానమందిరంలో కూడా 'ఇప్పుడు మీరు నిశ్శబ్దాన్ని అనుభవిస్తున్నారు' అని ఆపకుండా చెబుతూనే ఉంటాను. లేకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?

ఈ రూల్ దేశమంతా రావాలి. సూర్యాస్తమయానికో గైడును పెట్టాలి. పసిపిల్ల నిద్రపోతుంటే, పక్కన నిలబడి నిద్ర గొప్పతనాన్ని మైకులో వివరించాలి!

ఆ మంగళవారం లైన్లోకి వచ్చింది భీమవరం వెంకటరాజు గారు. అప్పటికే ఆ నెలలో నాకు మూడు ఎర్రలు.

"ఏవండీ మాస్టారూ, ఈ గుళ్ళో ప్రసాదం పెట్టరాండీ? ఇంత దూరం వచ్చి ఉత్త దణ్ణమేనా?"

ఇలాంటి కస్టమర్ వరం. ఆయన మాట్లాడుతున్నంతసేపు నేను టీ తాగొచ్చు.

హైకూ రాయి దగ్గరికి వచ్చాం. తెర మీది తెలుగు చదివాను:

వాన వెలిసింది.
గుమ్మం దగ్గర నీ గొడుగు
ఇంకా తడిగానే.

రాజుగారు టక్కున ఆగిపోయారు.

"మా ఆవిడ గొడుగు కారు డిక్కీలోనే ఉందండీ. రెండేళ్ళయింది. తియ్యబుద్ధి కాలేదు. కాసేపు ఏం చెప్పకండి మాస్టారూ."

తెర మీద తర్వాతి వాక్యం సిద్ధంగా ఉంది: 'ఈ రాయి బరువు నాలుగు వందల కిలోలు.' చదివితే ఉద్యోగం ఉంటుంది.

చదవలేదు.

ఎర్ర లైటు వెలిగింది. మా టీమ్ లీడర్ సబీనా, హైదరాబాదు అమ్మాయి, పరుగున వచ్చింది.

"ఏం మాస్టర్ సాబ్, పండుకున్నరా? మాట్లాడుండ్రి! నాలుగోది ఇది. ముదీర్ జూస్తే ఖలాస్!" ముదీర్ అంటే ఇక్కడ మేనేజరు.

నోటి మీద వేలు పెట్టుకుని, రెండో హెడ్‌ఫోన్ ఆమెకిచ్చాను. విన్నది. అవతల ఒక పెద్దమనిషి ముక్కు చీదుకుంటున్నాడు. సబీనా నా కీబోర్డు లాక్కుని, కారణం రాసే గడిలో 'లైన్ ఖరాబ్' అని కొట్టింది. ఎర్ర లైటు ఆరింది. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది.

నిజం చెప్పేస్తాను. నా భార్య కల్పన చనిపోయిన వారంలో నాకు రెండు వందల ఫోన్లు వచ్చాయి. ధైర్యం చెప్పారు, వేదాంతం చెప్పారు, ఒకాయన ఇన్సూరెన్స్ కూడా చెప్పాడు. పక్కన ఊరికే కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ రూల్ మా కంపెనీ కనిపెట్టిందనుకున్నాను. కాదు, కంపెనీకి నేర్పింది మనమే!

ఇక్కడ మిట్టమధ్యాహ్నం, అక్కడ చీకటి పడుతోంది. పదకొండు నిమిషాలు ముగ్గురం ఊరుకున్నాం. తర్వాత కంకర మీద రాజుగారి అడుగులు వినిపించాయి. ఆయన బయటికి వచ్చేదాకా గుడివాళ్ళు ఆగినట్టున్నారు. వెనక ఎవరో గుడి చెక్కతలుపును మెల్లగా, చాలా మెల్లగా జరిపి, ఆ రాత్రికి మూశారు.