మచ్చు స్నానం

ఆ గురువారం పొద్దున వాసవి వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు, మగడు కొట్లోకి వెళ్ళాక, అత్తగారు పూజలో కూర్చున్నాక, తలకు నూనె అంటుకుని, పెరట్లోని బాత్రూంలోకి వెళ్ళి, ఎవరూ పిలవని స్నానం ఒకటి చేయాలి. ఏడో నెలలో ఆమెకు ఇంతకన్నా పెద్ద కోరికలు లేవు. పుల్ల మామిడికాయల మీది మనసు కూడా నాలుగో నెలతోనే పోయింది.

జనగామ బజారులో మామగారు సత్యం గారి కిరాణా కొట్టు ముందు, ఇల్లు వెనక. కోడలు కడుపుతో ఉందని తెలిసిన నాటి నుంచి ఆ ఇంట్లో వాసవికి ఏకాంతం కరువైంది. కూర్చుంటే అత్తగారు వనమాల "నడుం గుంజుతున్నదా" అనేది. లేస్తే మామగారు "ఎటు పోతున్నవ్ బిడ్డా" అనేవారు. ఊరికే ఉంటే మగడు శ్రీధర్ "ఏమైంది, ఏం మాట్లాడ్తలేవు" అనేవాడు. అందరివీ మంచి మనసులే. అన్ని మంచి మనసుల మధ్య ఊపిరాడక ఆమె ఉక్కిరిబిక్కిరి అయ్యేది. ఇక మిగిలింది బాత్రూం ఒక్కటే. అక్కడ కూర్చుని, ఒంటి మీద నెమ్మదిగా నీళ్ళు పోసుకుంటూ, ఆమె కడుపులోని బిడ్డతో మాట్లాడేది. నలుగురి ముందు పొట్ట మీద చెయ్యి వేసుకుని మాట్లాడాలంటే సిగ్గు. గొళ్ళెం పెట్టుకుంటే ఆ సిగ్గు ఉండేది కాదు.

ఆ గొళ్ళేనికే ముందు రోజు మూడింది. దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి, తల్లీ బిడ్డా బాగున్నారని చెప్పి, వీళ్ళు లేచేముందు నాలుగు మంచి మాటలు చెప్పింది.

"తానానికి మరీ ఉడుకు నీళ్ళు వద్దమ్మా, నులివెచ్చగ ఉంటె చాలు. మోచెయ్యి ముంచి చూస్కో. నేల మీద జారకుంట స్టూలు మీద కూసొని చెయ్యి. చాన సేపు ఉండకు. లోపట గొళ్ళెం పెట్టకు, పిలిస్తె పలికే దూరంల ఒకరిని ఉండమను."

వాసవి సరేనని తల ఊపింది. పక్కన శ్రీధర్ ముఖం మాత్రం పాలిపోయింది. అతను చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి కాదు, దాని మీద కొసరు వేసి చేసే మనిషి. కిరాణా కొట్లో పుట్టి పెరిగిన అలవాటు అది.

అలా గురువారం పొద్దున వాసవి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళి చూస్తే, బాత్రూం తలుపుకు గొళ్ళెం ఉండాల్సిన చోట స్క్రూల బెజ్జాలు ఉన్నాయి.

"గొళ్ళెం ఏదండి?"

"తీసేసిన," అన్నాడు శ్రీధర్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటూ.

"డాక్టరమ్మ పెట్టకు అన్నది గని పీకుమనలేదు."

"ఉంటెనే కద పెట్టేది."

ఆమె తువ్వాలు సర్దుకునేలోపే తలుపు తనంతట తానే బార్లా తెరుచుకుంది. పెరటి వైపు వాలు ఉన్న పాత తలుపు అది, గొళ్ళెం మీదే ఇన్నేళ్ళు నిలబడింది. దానికి మందు వనమాల కనిపెట్టింది. కరెంటు కాంటాలు వచ్చినప్పటి నుంచి కొట్లో మూలన పడి ఉన్న యాభై కిలోల ఇనుప తూకపు రాయిని హమాలీ హన్మంతు చేత మోయించి, తలుపు బయట పెట్టించింది. అవసరమైనప్పుడు అటు జరపాలి, వద్దన్నప్పుడు ఇటు జరపాలి. దాన్ని జరపగలిగినవాడు ఆ ఇంటి మొత్తానికి హన్మంతు ఒక్కడే. అతను రాయి పెట్టి, నడుం సవరించుకుని, బజారు చివర లారీ దించడానికి వెళ్ళిపోయాడు.

ఇంతలో సత్యం గారు జారుడుకు విరుగుడుగా ఒక గోనెసంచి పట్టుకొచ్చారు. మంచి గోనె వాడడానికి ఆయనకు చెయ్యి రాదు, మంచి గోనెలో ఇంకో సరుకు నింపవచ్చు. అందుకని గోదాములో వెతికి వెతికి, గోధుమరంగు మరకలతో అట్టకట్టి, ఎవరూ వాపసు తీసుకోని సంచి ఒకటి ఎంచారు. చేత్తో రుద్దితే గరగరమంది.

"సూడు బిడ్డా, ఎంత గరుకున్నదో. దీని మీద ఏనుగు కూడ జారదు," అంటూ రాయి దాకా తెరుచుకుని ఉన్న తలుపు సందులోంచి లోపలికి తోసి, కర్రతో నేలమీద పరిచారు.

నిరుడు భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన కుంకుడుకాయలు ఆ సంచిలోనే ఎండలో నలిగి, వానలో నాని, వాటి గుజ్జంతా గోనె నారకు పట్టి గట్టిపడింది. ఈ సంగతి ఆయన మరిచిపోయారు. ఎంచింది గరుకుదనం చూసి, గరుకుదనం వచ్చింది కుంకుళ్ళ వల్ల.

వనమాల రాగి కాగులోంచి బకెట్టులో నీళ్ళు పోసింది. పొగలు వచ్చాయి.

"అమ్మా, నులివెచ్చగ అన్నది డాక్టరమ్మ," అన్నాడు శ్రీధర్.

"నేను ముగ్గురిని కన్న. గిట్లాంటి నీళ్ళే పోసుకున్న. నడుం నొప్పికి ఉడుకు నీళ్ళను మించిన మందు లేదు."

"అత్తమ్మా, జర చల్లవడనియ్యండ్రి, నేను ఆగుత," అంది వాసవి.

అక్కడితో ఆగితే కథ అక్కడితో అయిపోయేది. కానీ మచ్చు చూడనిదే సరుకు దించుకోని వంశం శ్రీధర్‌ది. బెల్లమైతే గిల్లి చూస్తారు, మిర్చి అయితే విరిచి చూస్తారు, బియ్యమైతే నోట్లో వేసుకుంటారు.

"ముందుగాల్ల నేను చేసి సూస్త," అన్నాడు. "నీళ్ళు ఎట్లున్నయో, గోనె జారుతదో లేదో, అన్ని ఎరుకైతయి. నాకు మంచిగుంటె నువ్వు పోదువు."

"మీకు ఏడో నెలనా?" అంది వాసవి. అతను వినిపించుకోలేదు. తువ్వాలు కట్టుకుని, బకెట్టు, స్టూలు సందులోంచి లోపలికి చేర్చి, పొట్ట లోపలికి పీల్చి, ఆ సందులోంచే దూరాడు. తలుపు తెరుచుకోకుండా వనమాల, సత్యం గారు కలిసి రాయిని ఒక జానెడు తోశారు. ఇద్దరి బలం కలిస్తే అది అంతవరకు జరిగింది.

మొదటి చెంబుకు కెవ్వున అరుపు. నీళ్ళు ఉడుకువే. ఆ అదురుకు బకెట్టు కొంత ఒలికింది. ఉడుకు నీళ్ళు తగిలిన కుంకుళ్ళ గోనె మేలుకుంది. శ్రీధర్ గెంతిన కొద్దీ నురగ, తొక్కిన కొద్దీ నురగ. నురగ పోవాలని కుళాయి తిప్పాడు. చీలమండ వరకున్నది మోకాళ్ళకు వచ్చింది. ఏనుగు కూడా జారని గోనె మీద అతను ఒకసారి జారి, లేచి, మళ్ళీ జారాడు. కళ్ళలో కుంకుడు రసం పడింది. తలుపును తోస్తే తలుపు కదలలేదు, అతని కాళ్ళే వెనక్కి పోయాయి.

"అమ్మా, రాయి తియ్యండ్రి."

సత్యం గారు అప్పటికే కొట్లోకి వెళ్ళిపోయారు. వనమాల రాయి పట్టుకుని గుంజింది, నడుం కలుక్కుమంది. వాసవి వంగబోయింది.

"నువ్వు ముట్టకు, బరువు లేపొద్దు," అన్నాడు శ్రీధర్ లోపలి నుంచి.

"మరి మీరెట్ల బయటికొస్తరు?"

"నేను గిట్లనే ఉంట."

వనమాల నడుం పట్టుకుని కొట్లోకి పరుగెత్తింది. "హన్మంతును పిలువుండ్రి, బాత్రూంల..." అని కూలబడింది. మిగతాది ఆయాసం మింగేసింది. ఆ మింగిన భాగాన్ని సత్యం గారు సొంతంగా పూరించుకున్నారు. ఆయన చేసిన మొదటి పని పెరట్లోకి వెళ్ళి చూడడం కాదు, మహబూబాబాద్‌లో ఉన్న వియ్యపురాలికి ఫోన్ చేయడం.

హన్మంతు బజారు చివర ఉన్నాడు కదా, పిలుపు కొట్టు నుంచి కొట్టుకు పోయింది. బట్టల కొట్టు దగ్గర "బాత్రూంల పడ్డరట" అయింది. ఎరువుల కొట్టు దగ్గర "సేటు కోడలు పడ్డదట" అయింది. హోటల్ దాటేసరికి ఆమెకు కవలలు కూడా పుట్టబోతున్నారు. ఎవరో పుణ్యాత్ముడు 108కు ఫోన్ చేశాడు.

ఈ లొల్లి ఏదీ తెలియని పెరట్లో వాసవి తలుపు పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"కుళాయి బంద్ చెయ్యండ్రి. సల్ల నీళ్ళతోని కండ్లు కడుక్కోండ్రి. స్టూలు మీద కూసోండ్రి, లేవకుండ్రి. నేను ఈడనే ఉన్న."

లోపల కాసేపు నీళ్ళ చప్పుడు, తర్వాత స్టూలు కిర్రుమన్న చప్పుడు.

"వాసవీ, ఉన్నవా?"

"ఉన్న."

"కాలు మడత వడ్డది." స్టూలు మళ్ళీ కిర్రుమంది. "డాక్టరమ్మ చెప్పినప్పటి సంది నాకు కండ్లు మూస్తె నువ్వు జారిపడ్డట్టే కనవడుతున్నది. రాత్రంత నిద్ర లేదు. నిన్ను పరేషాన్ చేస్తున్నన్న సంగతి నాకెరుకే."

వాసవి పీటను తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. పొద్దుటి నుంచి గొళ్ళెం మీద ఉన్న కోపం ఆ నురగలోనే ఎటో పోయింది. ముఖం కనబడకపోవడం వల్లనేమో, ఏడు నెలలుగా చెప్పని మాట తేలిగ్గా వచ్చింది.

"నేను గొళ్ళెం ఎందుకు పెట్టుకుంటనో ఎరుకేనా? లోపట బిడ్డతోని మాట్లాడుత. మీ అందరి ముంగట సిగ్గయితది."

"ఏం మాట్లాడుతవ్?"

"మీ సంగతులే. ఇయ్యాల చానా ఉన్నయి."

లోపల శ్రీధర్ నవ్వాడు. నవ్వితే నోట్లోకి నురగ పోయి దగ్గాడు.

అప్పుడే బజారు పెరట్లోకి వచ్చింది. ముందు హన్మంతు, వెనక సత్యం గారు, ఆ వెనక సగం జనగామ. అందరూ పీట మీద తీరిగ్గా కూర్చున్న వాసవిని చూసి నిలబడిపోయారు. హన్మంతు ప్రశ్నలు వేసే రకం కాదు. వంగి, రాయిని అటు పెట్టాడు. తలుపు అలవాటు ప్రకారం బార్లా తెరుచుకుంది. ముందు నురగ వచ్చింది, అది పెరటి మెట్టు దిగి తులసికోట దాకా పోయింది. నురగ వెళ్ళాక స్టూలు మీద తువ్వాలుతో, నెత్తిన తెల్లటి కిరీటంతో చిన్న సేటు కనిపించాడు.

జనాన్ని తోసుకుంటూ 108 బండి సిస్టర్ నీరజ వచ్చింది. సంచిలోంచి బీపీ మిషన్ తీస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"పేషెంట్ ఎవరు?"

హన్మంతు శ్రీధర్‌ను చూపించాడు.

"ఎన్నో నెల?"

"నాకు గాదు," అన్నాడు శ్రీధర్.

నీరజ తల ఎత్తి చూసింది. ఉద్యోగంలో చాలా చూసినట్టుంది, నవ్వలేదు. వచ్చినందుకు ఇద్దరికీ బీపీ చూసింది. "తల్లికి మంచిగున్నది. తండ్రినే జర చూసుకోవాలె," అని చెప్పి, వాచిన కాలుకు ఎక్స్‌రే తీయించమని చెప్పి వెళ్ళిపోయింది.

వాసవి ఫోన్ మోగింది. మహబూబాబాద్ నుంచి అమ్మ.

"నువ్వే మాట్లాడుతున్నవా బిడ్డా?"

"నేనే అమ్మా. నాకేం కాలె."

"మరి పడ్డదెవరు?"

"మీ అల్లుడు."

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. "అట్లనా, నయమే. నేను రైలెక్కిన, ఎట్లైన వస్త," అంది అమ్మ.

శ్రీధర్‌ను ఆటోలో కూర్చోబెట్టారు. ఒక పక్క సత్యం గారు, ఒక పక్క తన నడుం తానే పట్టుకున్న వనమాల ఎక్కారు. ఏడు నెలల్లో మొదటిసారి ఆ ఇద్దరూ కోడలిని మరిచిపోయారు. హన్మంతు గోనెను గోడ అవతల పారేసి, నేల కడిగి, తుడిచి వెళ్ళాడు. కుంకుడు రసంతో రుద్దినట్టయిన ఆ గచ్చు, ఇల్లు కట్టిన నాడు కూడా అంత శుభ్రంగా ఉండి ఉండదు. కాలు పెడితే కిచకిచమంది.

పక్కింటి భాగ్య చాటలో చిక్కుడుకాయలు పోసుకుని పెరట్లో చతికిలబడింది. "నేనీడ కాయలు తుంచుకుంట కూసుంట అక్కా. పిలిస్తె పలుకుత, పిలవకుంటె నీ జోలికి రాను," అంది. ఇంత తెలివైన మాట వాసవి ఆ ఇంట్లో నెలల తర్వాత విన్నది.

కాగులో మిగిలిన నీళ్ళలో మోచెయ్యి ముంచి చూసింది. ఇంత గొడవలో అవి సరిగ్గా నులివెచ్చగా దిగాయి. తువ్వాలు చెంగు మడిచి తలుపు సందులో ఇరికిస్తే తలుపు నిలిచింది. ఒక్కసారి తోస్తే తెరుచుకుంటుంది కూడా. స్టూలు మీద కూర్చుని, మొదటి చెంబు భుజాల మీద పోసుకుని, కళ్ళు మూసుకుంది. హాయిగా ఉంది.

"విన్నవా," అంది పొట్ట మీద చెయ్యి వేసి, నెమ్మదిగా. "మీ నాయిన నీకంటె ముందుగాల్ల తానం చేసి చూసిండు. నీళ్ళు ఉడుకున్నయని చెప్పిండు. నువ్వు రా, ఇక్కడ అందరు మంచోళ్ళే. జర లొల్లి ఎక్కువ."

లోపలి నుంచి ఒక తన్ను వచ్చింది. ఒప్పుకున్నట్టే అనుకుంది.

సాయంత్రానికి శ్రీధర్ కాలికి పట్టీతో దిగాడు. ఎముక విరగలేదు, బెణికింది. నీళ్ళు మరీ ఉడుకువి వద్దు, నేల మీద జారకుండా స్టూలు మీద కూర్చో, లోపల గొళ్ళెం పెట్టుకోకు, పిలిస్తే పలికే దూరంలో ఒకరిని పెట్టుకో అని ఎక్స్‌రే చూసిన డాక్టరు చెప్పి పంపాడు. మర్నాడు పొద్దున బాత్రూం బయట పీట మీద కూర్చుని, అమ్మ తెచ్చిన సకినాలు నములుతూ, లోపలి నుంచి వచ్చే ప్రతి "వాసవీ, ఉన్నవా"కు "ఉన్న" అని వాసవి జవాబు చెప్పింది.

డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తు.చ. తప్పకుండా పాటించారు, శ్రీధర్‌కు.