సెలవు లేని సరస్సు

నాలుగేళ్ల కిందట, నవంబరు పద్దెనిమిదిన, మేం ఉడకబెట్టిన బంగాళాదుంపలు తిన్నాం. మీద ఉప్పు, మిరియాల పొడి. తిన్నది పడవలో, సరస్సు నడిమధ్యన. నేనూ, నా భార్యా, తెడ్లు వేస్తూ ఆవిడ తమ్ముడూ. తేదీ ఎందుకు గుర్తుందంటే, ఆఫ్ సీజన్ అనే జబ్బు మా కొండ ఊరికి చివరిసారి వచ్చింది అప్పుడే. మరుసటి ఏడాదికి ఊరికి పూర్తిగా నయమైంది. మా ఆవిడకే కాలేదు.

పాఠకులారా, ఏడాది పొడుగునా టూరిస్టులు రావడం ఊరికి వరం! కాదనేవారు మా ఇంటికొచ్చి నాతో వాదించవచ్చు. కాకపోతే ఉదయం పది లోపే రండి. ఆ తర్వాత మా వీధి వన్ వే.

ఒకప్పుడు ఎంత అన్యాయంగా ఉండేదో చెప్తాను. దసరా, దీపావళి సెలవుల జనం వెళ్లిపోయేవారు. మంచు చూసే జనం ఇంకా వచ్చేవారు కాదు. మధ్యలో ఐదారు వారాలు ఊరు ఊరికే పడి ఉండేది. హోటళ్ల వాళ్లు తమ పిల్లల్ని గుర్తుపట్టేవారు. మిఠాయి కొట్టాయన కుర్చీ బయట వేసుకుని ఎండలో కునికేవాడు. ఒక్క ఫొటో తీసేవాడు లేడు! ఇంత సోమరితనాన్ని ఏ ప్రభుత్వం మాత్రం సహిస్తుంది?

అందుకని అభివృద్ధి కమిటీ వెలిసింది. ఎండాకాలం బోటింగ్. ఆకులు రాలేటప్పుడు ఆకుల నడక. మంచు పడితే జారుడు బల్ల. మిగిలింది వానాకాలం. అప్పుడు పొగమంచు తప్ప ఏమీ ఉండదు కదా అని మేం దిగులు పడ్డాం. కమిటీ పడలేదు. కొండ అంచున రెయిలింగ్ కట్టి, ‘పొగమంచు వ్యూ పాయింట్’ అని బోర్డు పెట్టింది. ఇప్పుడు ఏమీ కనపడకపోవడాన్ని చూడడానికి గంటన్నర క్యూ! చూసినవారు తెల్లటి ఫొటోలు తీసుకుని, “నిన్న వచ్చినవాళ్లకి ఇంకా బాగా కనపడలేదట” అని అసూయపడుతూ దిగుతున్నారు.

ఉపాధి సంగతి చెప్పనే అక్కర్లేదు. మా మంగలి బైనాక్యులర్లు అద్దెకిస్తున్నాడు. జుట్టు కోసం వెళితే నన్ను దూరం నుంచి చూసి, “ఇంకో నెల ఆగొచ్చు మాస్టారూ” అంటాడు. పళ్ల డాక్టరు గారు క్లినిక్కు మూసి జిప్‌లైన్ పెట్టారు. జనం ఇప్పటికీ ఆయన దగ్గర నోరు బార్లా తెరిచి అరుస్తూనే ఉన్నారు కాబట్టి, వృత్తి మారినట్టు ఆయనకే అనిపించదట.

నాకూ కొలువు దొరికింది. మా వరండాలో కూర్చుని పేపరు చదవడమే. ఎవరో నన్ను ‘స్థానిక వృద్ధుడు, సహజ వాతావరణంలో’ అని ఇంటర్నెట్‌లో పెట్టారట. అప్పట్నుంచి గేటు దగ్గర జనం. “అంకుల్, కొంచెం దిగులుగా కొండవైపు చూడరూ” అంది మొన్న ఒకమ్మాయి. చూశాను. “ఇంత వద్దు అంకుల్!” అంది. రెండో టేక్‌లో తగ్గించాను. పాపం, వెళ్తూ వెళ్తూ గేటు గడియ పెట్టి మరీ వెళ్లింది. అలాంటివాళ్లూ ఉంటారు.

ఇక మా బావమరిది. వాడి పడవ వాడిదే, సరస్సే కమిటీది. వెనక ఆఫ్ సీజన్ రాగానే పడవలన్నీ ఒడ్డుకు లాగి, బోర్లించి, తారు పూసేవారు. లాగే ముందు ఆఖరి పడవలో ఇంట్లోవాళ్లని తిప్పడం పడవవాళ్ల ఆనవాయితీ. నడిమధ్యకి వెళ్లాక తెడ్లు పైకెత్తి ఊరుకునేవాళ్లం. మా ఆవిడ ‘ఇక పద’ అనేదాకా ఎవరూ మాట్లాడకూడదు. అవతలి ఒడ్డున ఎవరో గిన్నె తోముతున్న చప్పుడు కూడా వినపడేది.

ఈ ఏడాది నవంబరు పద్దెనిమిదిన అలా ఐదు నిమిషాలు కూర్చోవాలనిపించింది. అంతే. అంతకు మించి కోరిక లేదు.

“ఊరికే ఎక్కించుకుంటే నా లైసెన్సు బిళ్ల పీకేస్తారు బావా. కెమెరాలున్నాయి. టూరిస్టులా బుక్ చేసుకో” అన్నాడు వాడు.

చేసుకున్నాను. ఒంటరివాడికి సీటు లేదు. రెండు సీట్ల పడవ కాబట్టి ‘జంట ప్యాకేజీ’ ఒక్కటే ఉంది. సాయంత్రం ఆరున్నరకి వెళ్తే, పడవకి గుండె ఆకారంలో ఎర్ర బెలూన్ కట్టి ఉంది. రెండు లైఫ్ జాకెట్లు ఇచ్చారు. “మేడమ్ గారేరీ?” అంది టికెట్లు చూసే అమ్మాయి. “ముందే వెళ్లిపోయారమ్మా” అన్నాను. రూలు ప్రకారం రెండో జాకెట్టు ఖాళీ సీటు మీద పెట్టి బెల్టు బిగించింది. భద్రత విషయంలో కమిటీకి వంక పెట్టలేం.

“అక్క ఈ బెలూన్ చూసుంటే నవ్వలేక చచ్చేది” అన్నాడు వాడు తెడ్డు వేస్తూ. అని, నాలుక కరుచుకున్నాడు.

నేను నవ్వాను. వాడూ నవ్వాడు. ఏడాదిలో మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు. ఇళ్లు రెండు సందుల దూరం!

నడిమధ్యకి చేరాం. తెడ్లు ఎత్తాడు. ఎడమవైపు మ్యూజిక్ బోటు. కుడివైపు వాటర్ స్కూటర్లు. మా పడవలోని స్పీకరు మా సరస్సు ఎంత ప్రశాంతమైనదో నాకే వివరిస్తోంది.

“దీని నోరు మూయలేవట్రా?”

“ఆపితే ఆఫీసులో ఎర్ర లైటు వెలుగుతుంది బావా.”

రెండు నిమిషాలైనా కాలేదు. ఒడ్డు నుంచి విజిల్. “పదకొండో నంబరూ! టైమైపోయింది, వచ్చేయ్!”

వచ్చేశాం. ఒడ్డున ఆ అమ్మాయి ఫోను చూపించి స్టార్లు అడిగింది. ఐదూ ఇచ్చాను. ఆ పిల్ల పొద్దుటి నుంచీ నిలబడే ఉంది, కాళ్లు మార్చుకుంటూ. నా ఫిర్యాదు ఆమె మీద కాదు. వచ్చేవాళ్ల మీదా కాదు. వాళ్లూ రెండు రోజుల నిమ్మళం కోసమే కదా ఇంత దూరం వచ్చేది! దొరకదు, పాపం, పొగమంచు ఫొటో పట్టుకుని పోతారు. కమిటీ వారికి నా విన్నపం ఒకటే. ఏడాదిలో నలభై ఏడు వారాలు మీరే తీసుకోండి. మమ్మల్ని ఎవరూ చూడని ఆ ఐదు వారాలు మాకిచ్చేయండి. మా వాళ్ల ముఖాలు మేం చూసుకోవాలి.

రంగు లైట్ల బోటింగ్ పది దాకా ఉంటుంది. ఏడైనా కాకుండానే వాడు పడవని షెడ్డులోకి లాగాడు. నేనూ వెనకాలే వెళ్లాను.

“ఇంకా రెండు బుకింగులున్నాయి కదరా?”

“పడవకి ఒంట్లో బాలేదని చెప్పా. కూర్చో బావా.”

మూడేళ్లుగా రాత్రి పదికి ముందు మూసి ఎరగని తలుపు అది. కిర్రుమంటే ఆఫీసులో వినపడుతుందని, రెండు చేతులతో కాస్త పైకెత్తి పట్టుకుని, అంగుళం అంగుళం జరుపుతూ, మెల్లగా వేసేశాడు.