పాప దొరికింది, కేసు దొరకలేదు

"ఈ భూమ్మీద నేరం జరగని చోటు ఒక్కటే ఉంది మిత్రమా. నేను నిలబడ్డ చోటు."

ఈ మాట అని భూతద్దం నా స్టూడియోలో, పాస్‌పోర్టు ఫోటోలు దిగేవాళ్ళ స్టూలు మీద కూర్చున్నాడు. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. నేరం జరగని చోటు కాస్త ఎడమవైపుకి ఒరిగింది.

భూతద్దం అన్న పేరు వాడికి ఎవరూ పెట్టలేదు, వాడే పెట్టుకున్నాడు. ఉద్యోగం ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూడటం. మిగిలిన సమయంలో డిటెక్టివ్. మీటరు చూసి ఇంటి గుట్టు చెప్పేస్తానంటాడు. ఇప్పటిదాకా చెప్పినవాటిలో నిజమైంది ఒక్కటే, మా ఇంట్లో ఫ్రిజ్ పాతదని. నేను ఫోటోలు తీస్తాను, వాటికి మెరుగులు దిద్దుతాను, బోర్డులు, బ్యానర్లు ప్రింటు వేస్తాను. చిన్నప్పుడు వాడి పక్క బెంచీలో కూర్చున్న నేరానికి నాకు ఇంకా శిక్ష పూర్తికాలేదు.

"ఇవాళ ఏం కేసు?" అన్నాను.

"మన అపార్ట్‌మెంట్ పాప కేసు."

"ఆ పాప దొరికింది కదరా. మూడు రోజులైంది."

"దొరికింది," అన్నాడు, గొంతు తగ్గించి. "అదే నా అనుమానం."

జరిగింది ఇది. మొన్న ఆదివారం మధ్యాహ్నం, మా అపార్ట్‌మెంట్‌కి రెండు నెలల కిందట వచ్చిన బస్సు డ్రైవరమ్మ డ్యూటీలో ఉంది. ఇంట్లో వాళ్ళమ్మ, ఆరేళ్ళ కూతురు. అమ్మమ్మకి చిన్న కునుకు పట్టింది. లేచి చూస్తే పిల్ల లేదు. నాలుగూ పదికి రెండువందల పద్నాలుగు మంది ఉన్న మా గ్రూపులో పాప ఫోటో పడింది. పిల్లల పేర్లు గ్రూపులో పెట్టకూడదని సెక్రటరీ రూలు. అందుకని జనమంతా గేటు దగ్గర పోగై, "పాపా! పాపా!" అంటూ వీధులన్నీ గాలించారు. అయిదింటికి డ్రైవరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పాప మా బ్లాకు మెట్ల మీద కూర్చుని చెప్పులో రాయి తీసుకుంటోంది. ఆ తల్లి పెట్టిన మెసేజీలో రెండే ముక్కలు: "పాప దొరికింది. క్షేమంగా ఉంది."

అసలు గొడవ అప్పుడు మొదలైంది. మొదటి పావుగంట దండాలు, పూలగుత్తులు, కన్నీళ్ళ బొమ్మలు. రెండో పావుగంటలో, "నేను చేసిన ఫార్వర్డ్ వల్లే దొరికింది" అని పదకొండు మంది. సాయంత్రానికి, "అయినా ఆదివారం పూట పిల్లని వదిలేసి డ్యూటీ ఏమిటండీ?" అని ఒకావిడ, దానికి నలభై బొటనవేళ్ళు. మూడో బ్లాకు రిటైర్డ్ మేనేజరుగారికి ఏ మెసేజీనీ చివరిదాకా చదివే అలవాటు లేదు. ఆయన తప్పిపోయిన పాప ఫోటోని రోజూ పొద్దున్నే కొత్తగా ఇంకో ఇరవై గ్రూపులకి పంపుతూనే ఉన్నాడు. దొరికిన కబురు మా గేటు దాటలేదు. తప్పిపోయిన కబురు మాత్రం ఎక్కడెక్కడో తిరిగి, మళ్ళీ మాకే కొత్త వార్తలా వచ్చింది.

సోమవారం ఇంకో కబురు పొక్కింది. ఎక్కడికెళ్ళావే అని అడిగితే పాప చెప్పిందట: "తెల్లగడ్డం తాత వెనకాల వెళ్ళా. బిస్కెట్ ఇచ్చి, నా వెనకే రా అన్నాడు." ఆ మాటకి తల్లి ఏడ్చింది, అమ్మమ్మ కేకలేసింది. దాంతో పాప నోరు మూసుకుంది. ఇంక ఒక్క ముక్క చెప్పదు.

భూతద్దం ఇదంతా నాకు మళ్ళీ చెప్తూ ఉండగానే డ్రైవరమ్మ లోపలికి వచ్చింది. ఆవిడ కళ్ళు చూస్తే మూడు రోజులుగా నిద్రలేదని తెలుస్తోంది.

"అన్నా, ఆ ఫోటో తిరక్కుండా ఆపే దారేదైనా ఉందా? మీ స్టూడియోలో తీసిందే కదా."

"నేను తీసిందే గానీ, ఇప్పుడు నా చేతుల్లో లేదమ్మా."

"సరే, పోనీండి." ఆవిడ గోడకి ఆనుకుంది. "నన్నంటే పడతానన్నా. కానీ ఆ యాభై నిమిషాలు అది ఎక్కడుందో, ఎవడితో ఉందో తెలియకపోతే నేను స్టీరింగు ఎలా పట్టుకోను? రెండుసార్లు నా కన్ను కప్పి గేటు దాకా వెళ్ళింది. ఎందుకే అంటే చెప్పదు. వాడి కోసమే వెళ్తోందేమోనని నాకు వణుకొస్తోంది. శుక్రవారం డ్యూటీలో చేరకపోతే నా రూటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు."

భూతద్దం లేచి నిలబడ్డాడు. స్టూలు పడిపోయింది.

"అమ్మా! ఆ ముష్కరుడి నీడ కూడా నా నుంచి తప్పించుకోలేదు. ఒక్క ప్రశ్న. గడ్డం తెల్లగా ఉందన్నారు. ఎంత తెలుపు?"

"అది నాకెలా తెలుస్తుంది?"

"చూశావా మిత్రమా," అన్నాడు నావైపు తిరిగి. "కేసు చిక్కబడుతోంది."

ఆవిడ వాడివైపు చూసిన చూపు ఆ తర్వాత చాలాసేపు నన్ను బాధపెట్టింది. ఎవరో ఒకరు సాయం చేస్తారేమోనని ఇంకా ఆశ పెట్టుకున్న మనిషి చూపు అది.

ఆ సాయంత్రం గ్రూపులో భూతద్దం ప్రకటన పడింది: "అపార్ట్‌మెంట్‌లో తెల్లగడ్డం గలవారందరూ ఎక్కడివారక్కడే ఉండవలెను. పారిపోయినచో నేరం ఒప్పుకున్నట్టే." ఇంక సాక్షులు వరదలా వచ్చారు. ఆదివారం ఒక తెల్లగడ్డం ముసలాయన్ని చూశామని తొమ్మిది మంది రాశారు. ఎవరో కొత్తమనిషట, చూపులే తేడాగా ఉన్నాయట, అందరికంటే ముందు నడిచాడట.

మా అపార్ట్‌మెంట్‌లో తెల్లగడ్డం ఉన్నది ఒక్కరికే. రెండో బ్లాకు లెక్కల మాస్టారు. ఆ గడ్డం వయసు ముప్ఫై ఏళ్ళు. భూతద్దం నన్ను వెంటేసుకుని ఆయన తలుపు కొట్టాడు.

"ఆదివారం నాలుగు నుంచి అయిదు దాకా తమరెక్కడున్నారు?"

"పళ్ళ డాక్టరు దగ్గర."

"రుజువు?"

మాస్టారు నోరు తెరిచి చూపించారు. భూతద్దం అద్దం పెట్టి శ్రద్ధగా చూశాడు.

"పన్ను ఉండాల్సిన చోట లేదు," అని నా చెవిలో అన్నాడు. "సాక్ష్యం మాయం చేశాడు."

మర్నాడు పొద్దున మాస్టారు నా స్టూడియోకి వచ్చారు. ముందు ఎవరో అనుకున్నాను. గడ్డం నున్నగా గీయించేసుకున్నారు. ఎండ తగలని ఆ చెంపలు పాలిపోయి ఉన్నాయి.

"కార్డుకి కొత్త ఫోటో కావాలోయ్. గేటు దగ్గర గార్డు గుర్తుపట్టట్లేదు. పైగా అనుమానంగా ఉన్నానని పేరు రాయించుకున్నాడు."

"ఎందుకు తీయించేశారు మాస్టారూ?"

"లిఫ్టులోకి నేనెక్కితే పిల్లల్ని దింపేసుకుంటున్నారు." ఆయన స్టూలు మీద సర్దుకుని కూర్చున్నారు. "నవ్వాలా, వద్దా?"

వద్దు మాస్టారూ, అన్నాను. నాకు సిగ్గేసింది. గ్రూపులో ఆ ప్రకటన కింద బొటనవేలు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆయన వెళ్ళిన అయిదు నిమిషాలకి భూతద్దం వచ్చాడు.

"నాకో బోర్డు కావాలి. నాలుగడుగులు. పైన నా పేరు, కింద 'నేరస్థుల పాలిటి సింహస్వప్నం', మధ్యలో నా ఫోటో. ఫోటో పంపించా, చూడు. ఆదివారం వెతుకులాట నడిపిస్తూ తీసుకున్న సెల్ఫీ. నాయకత్వం ముఖంలో ఉట్టిపడుతోంది."

ఫోటో తెరిచాను. చేతిలో బిస్కెట్ ప్యాకెట్లతో, బొడ్డుదాకా తెల్లగడ్డంతో ఒక ముసలాయన.

"ఇదెవర్రా?"

"నేనే. మారువేషం. ఎవడూ పోల్చుకోలేకపోయాడు తెలుసా?"

తెరని వాడివైపు తిప్పాను.

"ఒరేయ్. నాలుగు రోజుల్నుంచీ నువ్వు ఎవరి కోసం వెతుకుతున్నావ్?"

"తెల్లగడ్డం మనిషి కోసం."

"మరి ఇదేంటి?"

"ఇది పెట్టుడు గడ్డం," అన్నాడు జాలిగా. "నేను వెతుకుతున్నది గడ్డం ఉన్నవాణ్ణి. నాకు గడ్డం ఎక్కడుంది? తర్కం నేర్చుకో మిత్రమా."

"ఆ బిస్కెట్లు?"

"నా వెనక నడిచిన వాలంటీర్లకి పంచా. తలా రెండు. నా వెనకే రండి అని..." అక్కడ ఆగిపోయాడు. వాడి ముఖంలో నాయకత్వం మెల్లిగా దిగిపోవడం నా కళ్ళారా చూశాను.

బోర్డు కొలతకి ఫోటోని పెద్దది చేశాను. పెద్దదయ్యేకొద్దీ వెనకనున్న జనం కనబడ్డారు. సగంమంది ఫోన్లు చూసుకుంటూ నడుస్తున్నారు. చివర్లో, సెక్రటరీ మోచేతి కింద, పాప. కత్తిరించిన జుట్టు, కళ్ళజోడు, చేతిలో బిస్కెట్. రెండో చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఎవరినో పిలుస్తోంది.

గ్రూపులో ఆ రోజు పడ్డ సెల్ఫీలన్నీ వరసగా తెరిచాను. నాలుగు ఇరవైకి గేటు దగ్గర, పాప ఉంది. నాలుగున్నరకి సందు మలుపులో, పాప ఉంది. "తిండీ నీళ్ళూ మాని వెతుకుతున్నాం" అని సెక్రటరీ పెట్టిన ఫోటోకి తొంభై లైకులు, అందులోనూ పాప ఉంది, ఆయన నీళ్ళ సీసా పట్టుకుని. తప్పిపోయిన పిల్ల యాభై నిమిషాలపాటు తనని వెతికేవాళ్ళ వెనకాలే నడిచింది.

అమ్మమ్మ ఫోను దగ్గర ఇంట్లోనే ఉండిపోయింది, నేను స్టూడియోలో ఉన్నాను. మిగతా ఇంతమందిలో ఒక్కడైనా ఎందుకు పోల్చుకోలేదు? దానికి జవాబు గ్రూపులో పెట్టిన ఆ ఫోటోలోనే ఉంది. రెండేళ్ళ కిందట, వాళ్ళింకా వెనక వీధిలో ఉండగా నేను తీసిన ఫోటో. అప్పుడు జుట్టు నడుందాకా ఉండేది. బుగ్గమీద పుట్టుమచ్చ నేనే చెరిపాను. రంగు నేనే తెల్లబరిచాను. మా గోడ బాగాలేదని వెనక పూలతోట అతికించాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ పిల్ల ఎదురుగా వచ్చి నిలబడ్డా గుర్తుపట్టలేనంత అందంగా చేశాను.

డ్రైవరమ్మకి ఫోన్ చేశాను. కూతుర్ని చంకనేసుకుని ఆయాసపడుతూ వచ్చింది. తెర మీద బొమ్మ చూడగానే పాప వేలు చూపించింది.

"ఈ తాతే!"

భూతద్దం గోడవైపు తిరిగాడు.

తల్లి ఒక్కొక్క ఫోటోనే చూసింది. ఆఖరుది చూశాక అక్కడే నేలమీద కూలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భయం దిగిపోతే వచ్చే ఏడుపు అది.

"పిల్లిపిల్లల్ని చూద్దామని సైకిళ్ళ షెడ్డుకి వెళ్ళా," అంది పాప, ఇంక చెప్పినా ఎవరూ కేకలెయ్యరని నమ్మకం కుదిరాక. "బయటికొస్తే అందరూ పాపా పాపా అంటున్నారు. ఎవరో పాప తప్పిపోయిందట. నేనూ వెతికా."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు ఏడుస్తున్నావ్ కదా." పాప తలొంచుకుంది. "అమ్మా, నేనింటికొచ్చేశాక అందరూ వెతకడం మానేశారు. ఆ పాప ఇంకా దొరకలేదు. పూలతోటలో ఉంది. వీధి చివర పార్కులో తోట ఉంది కదా, చూసొద్దామంటే నువ్వు గేటు దగ్గర పట్టేసుకున్నావ్."

నేను పాత ఫైళ్ళలో వెతికి అసలు ఫోటో తీశాను, మెరుగులు దిద్దకముందుది. పాపని నా కుర్చీలో కూర్చోబెట్టి, తెరమీద తోటలో ఉన్న పాపని చూపించాను.

"ఈ పాపేనా?"

"ఆఁ."

ముందు తోట తీసేశాను. మా గోడ వచ్చింది, పెచ్చులూడి. తర్వాత తెలుపు తీసేశాను. చివరికి బుగ్గమీద పుట్టుమచ్చ. పాప తెర దగ్గరకి జరిగింది. తన బుగ్గ ముట్టుకుంది, తెర ముట్టుకుంది.

"ఇది నేను."

"నువ్వే."

చాలాసేపు ఆలోచించింది. "అయితే ఆ పాప దొరికిందా?"

"దొరికిందమ్మా," అంది తల్లి.

"ఎవరు కనిపెట్టారు?"

గోడవైపు తిరిగి ఉన్న భూతద్దం గొంతు సవరించుకున్నాడు. నేను వాడి కాలు తొక్కాను.

"నువ్వే కనిపెట్టావ్," అంది తల్లి.

పాప కళ్ళజోడు సర్దుకుంది. "మరి అందరికీ చెప్పవా? పాపం ఇంకా వెతుకుతుంటారేమో."

నాలుగు రోజులుగా తెరవని గ్రూపుని డ్రైవరమ్మ తెరిచింది. కూతురు చూస్తుండగా, మొదటిసారి రాసిందే మళ్ళీ రాసింది: "పాప దొరికింది. క్షేమంగా ఉంది." దాని కింద ఇంకో వాక్యం చేర్చింది: "రేపటినుంచి నేను డ్యూటీలో ఉంటాను."

దండాలు, పూలగుత్తులు, కన్నీళ్ళ బొమ్మలు వరసగా వచ్చాయి. ఆదివారం పూట డ్యూటీ ఏమిటన్నావిడ రెండు చేతులు జోడించింది. మూడో బ్లాకు మేనేజరుగారు, "ఏ పాప?" అని అడిగారు. అపార్ట్‌మెంట్‌లోని తెల్లగడ్డాలన్నీ నిర్దోషులని భూతద్దం ప్రకటించి, తన ప్రకటన కింద తనే మొదటి బొటనవేలు పెట్టుకున్నాడు.

ఆఖరున మాస్టారి మెసేజీ వచ్చింది. ఆయన గ్రూపులో రాయడం అదే మొదటిసారి.

"సంతోషం. నాది తిరిగి రావడానికి మూడు నెలలు పడుతుంది. దయచేసి వెతక్కండి."