తవిటయ్యకు కొమ్ములొచ్చాయి

మరీ పాత సంగతేం కాదు. ఒక పెద్ద అడవిలో రాజ్యాంగం ఉండేది. అందులో పదిహేడో అధికరణం ఇలా చెప్పేది: "ప్రాణరక్షణార్థం ప్రతి జీవికీ ఆయుధం ధరించే హక్కు కలదు." పులికి గోళ్ళున్నాయి, అడవిపందికి కోరలున్నాయి. వాటికి ఆ ముక్క చదవాల్సిన అవసరమే రాలేదు.

అవసరం పడింది పందికొక్కు తవిటయ్యకి. బొరియలో భార్య నూకాలమ్మ, ఇంకా కళ్ళు తెరవని ఆరుగురు పిల్లలు. తిండికి బయల్దేరిన ప్రతిసారీ తిరిగొస్తానో రానోనని పాపం వణికిపోయేవాడు. ఆ వణుకు పోగొట్టుకుందామని హక్కుల తరగతిలో చేరాడు.

పాఠం చెప్పేది నక్క మాస్టారు. అడవి మొత్తంలో రాజ్యాంగం కంఠతా వచ్చినవాడు ఆయనొక్కడే మరి.

"హక్కు ఉండీ ఆయుధం లేకపోతే రాజ్యాంగానికే తలవంపులు!" అంటూ మాస్టారు దుప్పులు రాల్చిన కొమ్ములు పోగేసి తెచ్చాడు. పందికొక్కులందరి నెత్తినా నారతాళ్ళతో స్వయంగా బిగించి కట్టాడు.

తవిటయ్య భయం భయంగా చెయ్యెత్తాడు. "అయ్యా, ఇవెట్టుకుని బొరియలోకి ఎలగెళ్ళాలండి?"

"ఆయుధం ఉన్నవాడు బొరియలోకి పారిపోవడమేమిటయ్యా?"

తరగతంతా నవ్వింది. అడిగినందుకు తవిటయ్యకే సిగ్గేసింది.

ఇంటికొచ్చి గింజలు గుమ్మం బయటినుంచే లోపలికి తోశాడు. నూకాలమ్మ తొంగిచూసి ముక్కున వేలేసుకుంది.

"ఏటయ్యా, కొమ్ములొచ్చాయేటి నీకు? ఇప్పేసి లోపలికి రా."

"తరగతి పాసైనట్టు పట్టా ఇచ్చీదాకా తియ్యకూడదంట. ఇది మన హక్కే, నీకు తెల్దులే."

మర్నాడు మిట్టమధ్యాహ్నం మాస్టారు వచ్చాడు. పాఠానికి కాదు, భోజనానికి.

తవిటయ్య పారిపోలేదు. బరువుకి మెడ వాలిపోతున్నా నిలబడి వల్లించాడు. "ప్రతి జీవికీ ఆయుధం ధరించే హక్కు కలదు!"

"'ప్రాణరక్షణార్థం' వదిలేశావు," అన్నాడు మాస్టారు దగ్గరికొస్తూ. "ముఖ్యమైన ముక్క అదే."

అప్పుడు పరిగెత్తాడు తవిటయ్య. తల బొరియలో దూరింది, కొమ్ములు గుమ్మానికి అడ్డంపడ్డాయి, ఒళ్ళంతా బయటే ఉండిపోయింది. లోపల్నుంచి నూకాలమ్మ ఎగబాకి వచ్చి రెండు కొరుకుల్లో నారతాడు తెంపింది. ఆ విద్య ఆమెకి ఏ తరగతిలోనూ ఎవరూ నేర్పలేదు. సగం తోక మాస్టారి నోట్లో వదిలేసి తవిటయ్య లోపలికి జారిపోయాడు. మిగతా సగం కోసం మళ్ళీ దూకిన మాస్టారి కంట్లో, గుమ్మంలో ఇరుక్కున్న కొమ్ము దిగింది.

వ్యవహారం అడవి సభకెక్కింది.

"మాకు కొమ్ములొద్దు బాబూ, మాస్టార్ని మార్చండి," అన్నాడు తవిటయ్య, మిగిలిన తోక చూపిస్తూ.

కంటికి ఆకుకట్టుతో మాస్టారు లేచాడు. "అధ్యక్షా, నా కన్నే సాక్ష్యం! కొమ్ము బ్రహ్మాండంగా పనిచేసింది. లోపం హక్కులో లేదు, గుమ్మంలో ఉంది."

అధ్యక్షుడైన ఏనుగు జన్మలో బొరియ చూసి ఎరగడు. చాలాసేపు ఆలోచించి తీర్పిచ్చాడు. కొమ్ములతో సహా సుఖంగా పట్టేలా ప్రతి బొరియనీ వెడల్పు చెయ్యాలి. కొలతకి మాస్టారి భుజాలు తీసుకోవాలి. పర్యవేక్షణ కూడా ఆయనదే.

సభ చప్పట్లు కొట్టింది. నూకాలమ్మ కొట్టలేదు. ఆ సాయంత్రమే పిల్లల్ని ఒక్కొక్కరినీ నోట కరుచుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంకాస్త ఇరుకైన బొరియకి మార్చేసింది. తవిటయ్య ఆమె వెనకాలే నడిచాడు. తరగతిలో చేరాక మొదటిసారి తల తేలిగ్గా ఉందనిపించింది.

ఇరుకింట్లో కాపురం పదిహేడో అధికరణానికి విరుద్ధమట. కేసు నడుస్తోంది.

నీతి: హక్కు ఎప్పుడూ గొప్పదే, తప్పంతా ఇంటి గుమ్మానిదే.